పదహారు పంక్తుల ఖాళీ

సైనిక శిబిరం, మక్నాస్ దారి
ఏప్రిల్ 11

హస్నా అక్కా,

సలాం. ఉత్తరం చూసి నవ్వకు. ఇక్కడికి వచ్చిన రోజే ఫోన్లు తీసేసుకున్నారు. ఆదివారం పది నిమిషాలు ఇస్తారు. అందులో తొమ్మిది నిమిషాలు అమ్మ "తిన్నావా, తిన్నావా" అంటుంది, మిగిలిన నిమిషం ఏడుస్తుంది. నీకు ఫోన్ ఇచ్చే లోపు వెనక నిలబడినవాడు నా భుజం గుంజుతాడు. అందుకని కాగితం మీద పడ్డాను. మా మంచాల వరసలో అందరిదీ ఇదే పని. ఒకడైతే తన గాడిదకి కూడా సలాములు రాశాడు.

నేను బాగానే ఉన్నాను. తల గొరిగారు, పరిగెత్తిస్తున్నారు, పప్పు పెడుతున్నారు. తప్పనిసరి సేవే కదా, ఆగస్టు చివరికి వదిలేస్తారు. బెంగ పెట్టుకునేంత ఏమీ లేదు, ఒక్క సంగతి తప్ప. ఆ సంగతికే ఈ ఉత్తరం.

మే నాలుగున మన సఫీలో, సముద్రం పక్కన బంతి మైదానంలో బద్రీ కచేరీ. బద్రీది కాదు, మాది. "చేపముల్లు" జట్టంటే వాడూ నేనూ, ఇద్దరం. ఎనిమిది వేల మంది వస్తారంటున్నారు. పెళ్ళిపందిళ్ళలో, మంగలి షాపుల్లో పాడుకున్నవాళ్ళం, ఇప్పుడు ఎనిమిది వేల మంది ముందు! ఆ రోజున నేను ఇక్కడ గోడకి సున్నం కొడుతూ ఉంటాను.

ర్యాప్ పాడేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. జట్టులో ఒకడు సైన్యానికో ఆస్పత్రికో పోతే వాడి చోటు ఖాళీగా ఉంచాలి. వాడి పదహారు పంక్తులు వచ్చేసరికి బీట్ ఒక్కటే మోగుతుంది, ఎవడూ నోరెత్తడు. కింద జనం కూడా పాట నోటికొచ్చినా సరే పాడరు, చెయ్యెత్తి ఊరుకుంటారు. వాడు మనవాడే, తిరిగొస్తాడు అని చెప్పడం అన్నమాట.

బద్రీ ఉంచుతానని ఒట్టేశాడు. కానీ కచేరీలు కుదిర్చేవాడు కాసాబ్లాంకా నుంచి ఇంకో కుర్రాడిని తెచ్చి నా చోట పెట్టాలని చూస్తున్నాడట. మన ఊళ్ళో, మన జనం ముందు నా చోట ఇంకొకడు నిలబడ్డాడంటే ఇక నా పని అయిపోయినట్టే. ఆగస్టులో తిరిగొచ్చి ఎవడికి చెప్పుకోను?

నువ్వు వెళ్ళాలి. "ఉప్పు" పాట వచ్చినప్పుడు నా చోట ఏం జరిగిందో చూసి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. నీకు గోల పడదని తెలుసు. నా కోసం వెళ్ళు. నువ్వొక్కదానివే అబద్ధం చెప్పవు.

నీ తమ్ముడు
మరువాన్


సఫీ
ఏప్రిల్ 20

ఒరేయ్ మరువాన్,

ఉత్తరం అందింది. అమ్మ మూడుసార్లు చదివించుకుంది. గాడిద దగ్గర నవ్వింది, తల గొరిగిన దగ్గర ఏడ్చింది. బద్రీ సంగతి చదవకుండా దాటేశాను.

మే నాలుగు శనివారం. చేపల సీజను మొదలైంది, ఆ రోజు మా ఫ్యాక్టరీలో మూడున్నర దాకా పని ఉంటుంది. కచేరీ సాయంత్రం అసర్ నమాజు తర్వాత అంటున్నారు. వస్తానో రానో ఇప్పుడే చెప్పలేను. నా పక్కన పని చేసే ఇట్టో మాత్రం ఇప్పటినుంచే ఎగిరి గంతేస్తోంది. యాభై రెండేళ్ళ మనిషి. నువ్వు పాడతావని కాదు, నువ్వు లేకపోయినా పాట బావుంటుందనిట.

ఒట్టేసినవాడి మీద నమ్మకం లేనప్పుడు ఒట్టు ఎందుకు వేయించుకున్నావు?

అక్క


సఫీ
మే 6

ఒరేయ్ మరువాన్,

నువ్వు చెప్పినట్టే వెళ్ళి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

పని అయ్యేసరికి మూడు నలభై. ఇంటికి పోయి స్నానం చేసి బట్టలు మార్చుకుంటానంటే ఇట్టో ఊరుకోలేదు. "స్నానాలు చేసుకుంటూ కూర్చుంటే వెనక గోడకి ఆనుకుని చూడాల్సిందే" అంది. అందుకని సార్డీన్ చేపలు కోసిన బట్టలతోనే, కాళ్ళకి ఆ తెల్ల రబ్బరు బూట్లతోనే వెళ్ళాం. గేటు దగ్గర సంచులు వెతికే కుర్రాడు ముక్కు మూసుకుని "ఏ పడవ దిగి వస్తున్నారు తల్లీ?" అన్నాడు. ఇట్టో ఊరుకుంటుందా? "ఇంటికెళ్ళి మీ అమ్మని వాసన చూడు, అదే పడవ" అంది. వాడి అమ్మ నిజంగానే మా దగ్గర రెండో వరసలో పని చేస్తుందట. ఇంకేం మాట్లాడకుండా పంపించాడు.

లోపల జనం. ఎంతమంది అంటే నేను లెక్క పెట్టలేదు, పెట్టడానికి తల తిప్పే చోటు లేదు. కానీ మాకు ఇబ్బంది కాలేదు. మేము ఎటు కదిలితే అటు దారి ఇచ్చారు. చేప కంపుకి అంత మర్యాద ఉంటుందని ఈ తొమ్మిదేళ్ళ పనిలో నాకు తెలియదు. మోచేయి తగలకుండా నాలుగో వరస దాకా చేరాం. అక్కడితో ఆ మర్యాద అయిపోయింది. వెనకనుంచి ఒక్క తోపు వచ్చింది, ఇక పైకెత్తిన చెయ్యి దించుకునే వీలు లేదు. ముందున్నవాడి వీపు చెమట నా చెంపకి అంటింది. స్పీకర్ల దెబ్బ చెవికి కాదు, కడుపుకి తగులుతుంది. ఒక పాట పాటంతా నా కాళ్ళు నేల మీద లేవు. నేను దూకలేదు, దూకించారు.

మధ్య మధ్య కుర్రాళ్ళు వెనక్కి జరిగి గుండ్రంగా ఖాళీ చేస్తారు. బీట్ పడగానే అందరూ ఆ ఖాళీలోకి ఒకళ్ళ మీద ఒకళ్ళు ఉరుకుతారు. ఇట్టో ఒకణ్ణి పట్టుకుని "ఏం కొంప మునిగిందిరా, ఎందుకు కొట్టుకుంటున్నారు?" అని అడిగింది. "కొట్టుకోవడం కాదు పిన్నీ, డాన్సు" అన్నాడు వాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది, నవ్వుతున్నాడు. ఎవరైనా కింద పడితే తోసినవాళ్ళే లేపుతారు. ఒక అమ్మాయి సొమ్మసిల్లితే తలల మీదుగా చేతులు మార్చుకుంటూ కంచె దాకా చేర్చారు. తడబాటు లేదు, బాగా అలవాటైన పనిలా ఉంది. ఈ విషయంలో మా సూపర్వైజరు వీళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు.

"ఉప్పు" చివర్లో వచ్చింది. సూర్యుడు సముద్రం మీదికి దిగుతున్నాడు. బద్రీ తన భాగం పాడి, మైకు దించి, ఒక పక్కకి జరిగి నిలబడ్డాడు. కాసాబ్లాంకా కుర్రాడు రాలేదు. బద్రీ నీ పంక్తులు పాడలేదు, పాడమని ఎవరినీ పిలవలేదు. జనం చేతులెత్తారు. బద్రీ మాట తప్పలేదు.

అమ్మ మేజోళ్ళు పంపుతోంది. రెండు జతలు.

అక్క


సైనిక శిబిరం
మే 15

అక్కా, అక్కా, నా బంగారు అక్కా!

నీ ఉత్తరం మంచం మీద నిలబడి అందరికీ చదివి వినిపించాను. చేప కంపు దగ్గర ఒకడు నవ్వలేక కింద పడ్డాడు. "జనం చేతులెత్తారు" దగ్గర ఆగి, ఆ ముక్క రెండోసారి చదివాను. ఎనిమిది వేల చేతులు! నేను లేకుండా, నా కోసం!

నిజం చెప్పనా, నెల రోజులుగా నిద్ర సరిగ్గా లేదు. ఇప్పుడు కడుపు నిండా తింటున్నాను, పప్పు కూడా రుచిగానే ఉంది. బద్రీ మీద అనుమానపడినందుకు సిగ్గుగా ఉంది. వాడు కనిపిస్తే నా తరఫున రెండు చెంపలూ ముద్దు పెట్టుకోమని ఇట్టో పిన్నికి చెప్పు. నువ్వు పెట్టకు, అమ్మ చంపేస్తుంది.

ఇంకా వివరంగా రాయి. ఎంతసేపు మౌనంగా ఉన్నారు? ఎవరైనా నా పేరు అరిచారా?

మరువాన్


సైనిక శిబిరం
మే 29

అక్కా,

నా ఉత్తరానికి జవాబు లేదు. సరే, నేనే ఒకటి అడుగుతాను.

మా దళంలో షుఐబ్ అని ఒకడున్నాడు, మన ఊరివాడే, కుమ్మరివాడలో ఇల్లు. సెలవు మీద వెళ్ళి నిన్న తిరిగొచ్చాడు. రాగానే నన్ను కౌగిలించుకుని, "మీ పాట అదిరిపోయిందిరా, ఆ ఆడమనిషి ఎవరు?" అన్నాడు. "ఏ ఆడమనిషి?" అన్నాను. "అదేరా, నీ చోట పాడింది, తెల్ల బూట్లు వేసుకుని. ఊరంతా ఆ వీడియోనే చూస్తోంది" అన్నాడు.

అందరి ముందూ అన్నాడు. మంచం మీద నిలబడి నీ ఉత్తరం చదివినవాణ్ణి నేను. ఇప్పుడు వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు, నేను ఏం చెప్పాలి?

ఇట్టో పిన్నేనా? తాగకుండానే తాగినట్టుండే మనిషి, చేసినా చేస్తుంది. నువ్వు పక్కనే ఉండి ఆపలేదా? ఆపలేకపోయినా నాకు రాయకూడదా? మేజోళ్ళ గురించి రాశావు, ఇది రాయలేదు.

ఎవరో చెప్పు.

మరువాన్


సఫీ
జూన్ 7

ఒరేయ్ మరువాన్,

ఇట్టో కాదు. నేను.

నేను రాసిన దాంట్లో అబద్ధం లేదు. బద్రీ పాడలేదు, ఎవరినీ పిలవలేదు. మిగతాది రాయలేదు, అంతే. ఇప్పుడు రాస్తాను.

మా ఫ్యాక్టరీలో బెల్టుకి అటు ఇరవై మంది, ఇటు ఇరవై మంది నిలబడి చేపల తలలు కోసి డబ్బాల్లో పేరుస్తాం. పని జరిగినంతసేపూ పాట ఉంటుంది. ఆ పాట ఆగకూడదు. ఆగితే కునుకు వస్తుంది, కునుకు వస్తే కత్తి వేలి మీదికి వస్తుంది. అందుకని ఒకామె దగ్గడానికో ముక్కు తుడుచుకోవడానికో ఆగితే, ఆమె పంక్తి పక్కామె అందుకుంటుంది. ఎవరూ చెప్పరు, ఎవరూ చూడరు, నోరు దానంతట అదే వెళ్ళిపోతుంది. తొమ్మిదేళ్ళుగా నేను అలాగే అందుకుంటున్నాను.

బద్రీ మైకు దించాడు. బీట్ మోగుతోంది, పాట లేదు. నాకు తెలుసు అది నీ చోటని, ఖాళీగా ఉండాలని. నువ్వు రాసిన పద్ధతి తెలుసు. తెలిసి కూడా నా నోరు తెరుచుకుంది. ఎవరూ నోరెత్తని ఆ చోట నా గొంతు ఎంత దూరం పోయిందో నీకు చెప్పక్కర్లేదు, యంత్రాల మీదుగా మాట్లాడే గొంతు మాది. పక్కన ఒకడు "నోర్ముయ్యి, అది మరువాన్ చోటు!" అని అరిచాడు. ఇట్టో వాడి కాలర్ పట్టుకుని "నువ్వు ముయ్యరా, ఇది మరువాన్ అక్క!" అంది. ఆ మాట ఒకళ్ళనుంచి ఒకళ్ళకి పాకింది. నా చుట్టూ జనం వెనక్కి జరిగి గుండ్రంగా చోటు చేశారు.

మొదటి పంక్తి నేను అనుకుని పాడింది కాదు. రెండోది కూడా కాదేమో. మూడో పంక్తి నుంచి అనుకునే పాడాను. ఆ తేడా నీకు చెప్పాలి.

బద్రీకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. వేదిక అంచున బోర్లా పడుకుని మైకు చాచాడు. అది చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. నువ్వు రాసింది "మా అక్క చేతులు చూడు" అని. నా నోటితో నేను మా అక్క అని ఎలా అనను? నాకు అక్క లేదు. అందుకని ఇలా పాడాను:

నా చేతులు చూడు, ఉప్పు కొరికిన చేతులు,
గాజు మీద వేలు పెడితే గీత పడని చేతులు.
"నువ్వెవరో రుజువేదీ?" అని అడిగింది యంత్రం,
సఫీ ఊరి డబ్బా డబ్బా మీద నా సంతకం.

నాకు తెలియకుండానే చెయ్యి పైకెత్తి చూపించాను. అప్పుడు గోల మొదలైంది. నేను ఇంతకుముందు విన్న గోల గోలే కాదు. "అక్కా, మళ్ళీ! అక్కా, మళ్ళీ!" అని మైదానమంతా అరిచారు. మళ్ళీ పాడాను. మూడోసారి కూడా పాడాను.

నాకు బావుందిరా. చాలా బావుంది. ఈ ఒక్క మాట రాయలేకే ఇన్నాళ్ళు ఊరుకున్నాను.

ఇంకొకటి. జులై ఇరవైన ఎల్ జదీదాలో కచేరీ ఉంది. బద్రీ ఇంటికి వచ్చి, నువ్వు వచ్చేదాకా నన్ను పాడమని అడిగాడు. నీకు రాసి నీ అనుమతి తీసుకుంటానన్నాడు. నీకు నేను రాస్తానని చెప్పాను. అతనికి సరేనన్నాను.

అక్క


సైనిక శిబిరం
జూన్ 16

నువ్వు సరే అనడానికి ఆ చోటు నీదా?

కాసాబ్లాంకా వాడొస్తే పోరాడేవాణ్ణి. బద్రీ మాట తప్పితే వాడి మొహం చూసేవాణ్ణి కాదు. సొంత అక్క చేస్తే ఏం చెయ్యాలి? చూసి రమ్మని పంపాను నిన్ను. నా చోటు తీసుకోమని పంపలేదు.

ఆ పదహారు పంక్తులకి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసా? ఎన్ని కాగితాలు చింపానో తెలుసా? "నా చేతులు" అని మార్చేస్తే నీవైపోతాయా? ఒకడి మాటలు ఇంకొకడు తీసుకోవడం కన్నా నీచం మాలో లేదు. అలాంటివాడితో టీ కూడా తాగరు. నువ్వు మాలోదానివి కాదు, అందుకని నీకు తెలియదు అనుకుంటాను.

ఎల్ జదీదాకి వెళ్ళకు. నా చోటు ఖాళీగా ఉండాలి.

మరువాన్


సఫీ
జూన్ 24

మరువాన్,

ఉత్తరం అమ్మ ముందు చదవలేదు. కళ్ళు మంటగా ఉన్నాయని, తర్వాత చదువుతానని చెప్పాను.

మాటలు తీసుకోవడం గురించి రాశావు. మూడేళ్ళ కింద నవంబరులో నా గుర్తింపు కార్డు మార్చుకోవడానికి వెళ్ళాను. వేలు గాజు మీద పెట్టమన్నారు. యంత్రం తీసుకోలేదు. తుడిచి పెట్టమన్నారు, నిమ్మకాయ రాసి పెట్టమన్నారు. పది వేళ్ళూ అయ్యాయి. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. చివరికి ఆ గుమాస్తా, "మీరు ఎవరో రుజువు ఏమిటమ్మా?" అన్నాడు. చెడ్డవాడు కాదు, అతను కూడా అలిసిపోయాడు.

సాయంత్రం వంటింట్లో గిన్నెలు తోముతూ అమ్మకి చెప్పాను. నవ్వుతూ చెప్పాను. "నా వేలిముద్ర దొరకలేదట. సఫీలో ఏ డబ్బా తెరిచినా నా వేళ్ళే ఉన్నాయి, అక్కడ వెతుక్కోమను" అన్నాను. నువ్వు బల్ల దగ్గర సూప్ తాగుతున్నావు. చెంచా కింద పెట్టి కాగితం వెతుక్కున్నావు.

నెల తర్వాత అది పాట అయింది. బావుంది. ప్రాస నీది, తాళం నీది, అది నేను కాదనను. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరూ వింటే నాకు గర్వంగానే ఉండేది. కానీ మూడేళ్ళలో ఒక్కసారి, "అక్కా, ఇది నీ మాట, పాడనా?" అని నువ్వు అడగలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు. మైదానంలో పాడేదాకా నాకే గుర్తు లేదు.

ఎల్ జదీదాకి వెళ్తున్నాను. ఆగస్టులో నువ్వు వచ్చాక వేదిక మీద నీ చోటు నీదే, నాకు ఫ్యాక్టరీ ఉంది. ఆ మాటలు మాత్రం నావి. నువ్వు కోపంగా ఉన్నా సరే వెళ్తాను.

హస్నా


సైనిక శిబిరం
జులై 17

అక్కా,

మూడు వారాలు రాయలేదు. మొదటి వారం కోపంతో రాయలేదు. రెండో వారం నువ్వు రాసింది అబద్ధమని రుజువు చెయ్యాలని కూర్చున్నాను. సూప్ గిన్నె గుర్తొచ్చింది. చెంచా పెట్టిన చప్పుడు కూడా గుర్తొచ్చింది. నాకు తెలుసు అక్కా. రాసేటప్పుడే తెలుసు. నీ మాట అని ఎవరికీ చెప్పకపోతే నాదే అవుతుందని అనుకున్నాను.

మూడో వారం నన్ను వంటశాల పనికి వేశారు. పండగ భోజనమని లారీడు సార్డీన్లు దింపారు. ఆరుగురం కూర్చుని తలలు కోసి, కడుపు తీసి, ఉప్పునీళ్ళలో వేశాం. మూడు రోజులు. మొదటిరోజు నేనే అందరికీ నేర్పాను, సఫీవాణ్ణి కదా, గొప్పలు పోయాను. రెండోరోజు వేళ్ళ సందుల్లో పగుళ్ళు వచ్చి ఉప్పు దిగింది. మూడోరోజు సాయంత్రం పిడికిలి ముడుచుకోలేదు. చొక్కా గుండీలు షుఐబ్ పెట్టాడు.

ఇది మూడు రోజులకే.

నీ చేతుల మీద పదహారు పంక్తులు రాశాను. మూడేళ్ళు పాడాను. అవి ఎలా కనిపిస్తాయో రాశాను, గాజు మీద పెడితే ఏమవుతుందో రాశాను. జనం చప్పట్లు కొట్టారు, నేను తల వంచి తీసుకున్నాను. ఒకే ఇంట్లో ఉన్నాం, పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఈ ఒక్కటి నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నొప్పి పుడతాయా అక్కా?

ఎల్ జదీదాలో పాడు. నా చేతులు అనే పాడు. ఈ ఉత్తరం ఆలోపు అందదని తెలుసు, అయినా రాస్తున్నాను. బద్రీకి వేరే రాశాను, ఆ పంక్తులు ఎవరివో అందరికీ చెప్పమని. నేను తిరిగొచ్చాక నావి అనదగ్గవి ఏవైనా రాయగలిగితే నిలబడతాను. లేకపోతే కింద నిలబడతాను, జనంలో.

నీ తమ్ముడు
మరువాన్


సఫీ
జులై 28

నా తమ్ముడు మరువాన్‌కి,

ఎల్ జదీదాలో పాడాను. జనం బాగా వచ్చారు. ఇట్టో చెప్పు ఒకటి పోయింది, ఒంటి చెప్పుతో బస్సెక్కింది. బద్రీ నీ పేరూ నా పేరూ రెండూ చెప్పాడు. అప్పటికి నీ ఉత్తరం అతనికి ఇంకా అందలేదు.

రెండు రోజుల తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అమ్మకి పైపైన చదివి, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి చదువుకున్నాను. చాలాసేపు ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నావని అమ్మ అడిగితే నువ్వు బాగున్నావని చెప్పాను.

నువ్వు అడిగిన దానికి జవాబు. చలికాలం ఎక్కువ, ఎండాకాలం కొంచెం తక్కువ. కుడిచేతి చూపుడు వేలు పొద్దున్నే ముడుచుకోదు, వేడినీళ్ళలో పెట్టాలి. రొట్టెపిండి కలిపేటప్పుడు ఎడమచేతి బొటనవేలు లాగుతుంది. నిమ్మకాయ పిండడం మానేసి రెండేళ్ళయింది, అమ్మ గమనించలేదు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి.

పుడతాయిరా. చాలా నొప్పి పుడతాయి.

అక్క